ప్రేవుల అతుకు – తిరుగబెట్టు వ్యాధి

నీటి గొట్టములో ఒకచోట తుప్పు పట్టి నీరు పారకున్నచో, పనివాడు ఆ ముక్కను కోసివేసి, మిగిలిన రెండు కొనలను కలిపి బిగించును. దానితో పని ముగియును. మానవుని ప్రేవు కూడ ఒక గొట్టమే. అందు చెడిన భాగమును కోసివేసి, మంచి కొనలను రెంటిని కుట్టి కలుపుట నేడు ఆసుపత్రులలో తరచుగా జరుగు శస్త్రచికిత్స. ఆ అతుకు కొన్ని వారములలో మాని గట్టిపడును.

కాని క్రోన్ వ్యాధి అను ప్రేవుల జబ్బులో ఒక వింత కానవచ్చుచున్నది. చెడిన ముక్కను పూర్తిగా తీసివేసినను, కొంత కాలమునకు అనేకులలో వ్యాధి తిరుగబెట్టును. అది వచ్చునది ఎక్కడనో కాదు, సాధారణముగా అతుకు దగ్గరనే. అందును అతుకునకు దిగువన గాక ఎగువన, అనగా ఆహారము దిగివచ్చు వైపుననే తొలి పుండ్లు పుట్టును. తీసివేసిన వ్యాధి అక్కడికి మరల ఎట్లు వచ్చినది? అతుకు వేయు పద్ధతిని మార్చినచో దానిని ఆపవచ్చునా? ఈ ప్రశ్నలు శస్త్రవైద్యులను చిరకాలముగా వేధించుచున్నవి.

ఇది కేవలము కుట్టుపనికి సంబంధించిన ప్రశ్న కాదు. క్రోన్ వ్యాధి చాలమందికి యౌవనములోనే, 15 నుండి 35 ఏండ్ల నడుమ బయటపడును. ఇరువదవ ఏట ఒకసారి, ముప్పదవ ఏట మరియొకసారి, ఆపైన ఇంకొకసారి కోత పడినచో, ప్రతిసారియు కొంత ప్రేవు తరిగిపోవును. పోయిన ప్రేవు మరల పెరుగదు. చిన్నప్రేవు మిగులు పొడవు సుమారు రెండు మీటర్లకు తగ్గినచో, తిన్న ఆహారము ఒంటబట్టుటయే కష్టమగును. కనుక రెండవ కోతను తప్పించుటయే ఈ పరిశోధన కంతటికి లక్ష్యము.

వ్యాధి స్వరూపము

ప్రేవులకు దీర్ఘకాలము శోథ కలిగించు వ్యాధులలో ముఖ్యమైనవి రెండు. శోథ యనగా కణజాలము ఎర్రబారి, వాచి, నొప్పి పెట్టుట. మొదటిది అల్సరేటివ్ కోలైటిస్. ఇది పెద్దప్రేవును, అందును ముఖ్యముగా దాని లోపలి పొరను పట్టును. రెండవది క్రోన్ వ్యాధి. ఇది నోటి నుండి ఆసనము వరకు ఎక్కడనైనను రావచ్చును. ప్రేవు గోడ మందమంతటిని ఇది పట్టగలదు. నడుమ నడుమ ఆరోగ్యముగా నున్న భాగములను విడిచి, అక్కడక్కడ మచ్చలు మచ్చలుగా కనిపించును. చిన్నప్రేవు చివరి భాగమగు శేషాంత్రికము దీనికి ప్రియమైన స్థానము.

ఈ భేదము శస్త్రవైద్యునికి మిక్కిలి ముఖ్యము. అల్సరేటివ్ కోలైటిస్‌లో పెద్దప్రేవును, పురీషనాళమును తీసివేసినచో వ్యాధికి నెలవే పోవును. అట్టివారికి చిన్నప్రేవు కొనతోనే ఒక సంచి కుట్టి మలద్వారమునకు కలుపు పద్ధతిని లండను నగర వైద్యులు పార్క్స్, నికోల్స్ 1978లో ప్రకటించిరి. క్రోన్ వ్యాధిలో అట్టి పూర్ణవిముక్తి లేదు. కోత వలన అడ్డు తొలగును, బాధ తీరును. కాని వ్యాధికి గల స్వభావము శరీరములోనే మిగిలియుండును.

స్కాట్లండు శస్త్రవైద్యుడు కెన్నెడీ డాల్జియల్ 1913లోనే ఇట్టి రోగులను గూర్చి వ్రాసెను. ఆ రచనను ఆనాడు ఎక్కువమంది పట్టించుకొనలేదు. 1932లో న్యూయార్కు నగరములోని మౌంట్ సినాయ్ ఆసుపత్రి వైద్యులు బరిల్ క్రోన్, లియాన్ గింజ్‌బర్గ్, గార్డన్ ఆపెన్‌హైమర్ 14 మంది రోగులను పరిశీలించి వివరముగా ప్రకటించిరి. అక్షరక్రమములో క్రోన్ పేరు మొదట నుండుటచే వ్యాధికి ఆ పేరే స్థిరపడినది. 1956 జూన్ నెలలో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు ఈ వ్యాధి వలన ప్రేవు అడ్డుపడి శస్త్రచికిత్స జరుగగా, సామాన్య జనులకు కూడ దీని పేరు తెలిసినది. ఆనాడు వైద్యులు చెడిన భాగమును కోసివేయలేదు. దానిని అట్లే ఉంచి, దానికి ఎగువనున్న ప్రేవును పెద్దప్రేవునకు కలిపి, ఆహారమునకు అడ్డదారి ఏర్పరచిరి. లోపల మిగిలిన రోగభాగము మరల బాధించుచుండుట వలన, తరువాతి కాలమున ఈ అడ్డదారి పద్ధతి వెనుకబడి, కోసి అతుకుటయే వాడుకయైనది.

ఈ వ్యాధికి ఒకే ఒక సూక్ష్మజీవి కారణమని తేలలేదు. జన్యువులు, ప్రేవులలో నివసించు అసంఖ్యాక బాక్టీరియాలు, శరీర రక్షణ వ్యవస్థ – ఈ మూటి నడుమ పొత్తు చెడుట వలన ఇది కలుగుచున్నదని నేటి అభిప్రాయము. బాక్టీరియాను గుర్తించుటకు తోడ్పడు నాడ్-2 అను జన్యువులోని కొన్ని మార్పులకు ఈ వ్యాధితో సంబంధము కలదని 2001లో కనుగొనబడినది.

ప్రేవు గోడ – దాని వ్రేలాడుపొర

అతుకు సంగతి తెలియవలెనన్న ప్రేవు నిర్మాణము కొంత తెలియవలెను. ప్రేవు గోడలో నాలుగు పొరలు కలవు. లోపలిది ఆహారసారమును పీల్చు మృదువైన శ్లేష్మపొర. దాని క్రింద గట్టి నార కణజాలముతో కూడిన అధఃశ్లేష్మపొర. దానిపైన ఆహారమును ముందుకు త్రోయు కండర పొర. అన్నిటికి వెలుపల నున్నగా మెరయు పలుచని పొర.

ఇంతేగాక, ప్రేవు కడుపులో విడిగా పడియుండదు. వీపు వైపు నుండి విసనకఱ్ఱ వలె పరచుకొని వచ్చు ఒక కొవ్వుపొర దానిని పట్టియుంచును. దీనిని మిసెంటరీ అందురు. ప్రేవునకు రక్తమును తెచ్చు నాళములు, నరములు, శోషరస నాళములు అన్నియు ఈ పొర గుండనే వచ్చి, ప్రేవును ఒకే అంచున చేరును. కనుక ప్రేవునకు రెండు ప్రక్కలు కలవని చెప్పవచ్చును: మిసెంటరీ అంటుకొనిన ప్రక్క ఒకటి, దానికి ఎదుటి ప్రక్క మరియొకటి. క్రోన్ వ్యాధిలో పొడవాటి పుండ్లు ఎక్కువగా మిసెంటరీ ప్రక్కనే వరుసగా ఏర్పడును. అక్కడి కొవ్వు దళసరియై ప్రేవు చుట్టును ప్రాకును. ఈ ఒక్క విషయమును పాఠకులు గుర్తుంచుకొనవలెను. ముందు చెప్పబోవు కథకు ఇదియే కీలకము.

అతుకు విద్య

ప్రేవు అతుకుట నేటి విద్య కాదు. సుశ్రుత సంహితలో కడుపు చీల్చి, ప్రేవులోని అడ్డును తొలగించి, చిల్లు అంచులను దగ్గరకు చేర్చి, నల్లచీమలచేత కరిపించి, మొండెములను త్రుంచివేసి తలలను మాత్రము అట్లే ఉంచవలెనని చెప్పబడినది. చీమ తల ఇక్కడ కుట్టు పని చేయును.

ఆధునిక కాలమున 1826లో ఫ్రెంచి వైద్యుడు లాంబేర్ ఒక ముఖ్య విషయము చూపెను. ప్రేవుల వెలుపలి పొరలు ఒకదానికొకటి తాకునట్లు అంచులను లోనికి మడిచి కుట్టినచో అతుకు త్వరగా మానును. 1887లో అమెరికా శస్త్రవైద్యుడు హాల్‌స్టెడ్ కుక్కలపై ప్రయోగములు చేసి, కుట్టునకు బలమిచ్చునది అధఃశ్లేష్మపొరయే యని నిరూపించెను. సూది ఆ పొరను పట్టినచో కుట్టు నిలుచును, పట్టనిచో తెగును.

చేతికుట్టు ఆలస్యమగుట వలన యంత్రములు కూడ పుట్టినవి. 1892లో చికాగో వైద్యుడు మర్ఫీ రెండు భాగముల లోహపు గుండీ నొకటి చేసెను. రెండు ప్రేవు కొనలను చెరియొక భాగమునకు కట్టి, గుండీని నొక్కి బిగించినచో, చుట్టును ప్రేవులు అతుకుకొనును. పని తీరిన గుండీ మలముతో బయటపడును. 1908లో బుడాపెస్టు నగరమున హ్యూల్ట్‌ల్ అను వైద్యుడు సన్నని లోహపు తీగలతో కుట్లు వేయు యంత్రమును వాడెను. దాని బరువు సుమారు మూడున్నర కిలోగ్రాములు! తరువాత సోవియట్ దేశములో ఇట్టి స్టేప్లర్ యంత్రములు ఎంతో అభివృద్ధి చెందినవి. 1958లో అచటికి పోయిన అమెరికా వైద్యుడు మార్క్ రావిచ్ వాటిని చూచి తన దేశములో ప్రచారము చేసెను. నేడు ఇవి ప్రపంచమంతట వాడుకలో నున్నవి.

ఇన్ని సాధనములున్నను ప్రతి అతుకునకు తొలి వారము గడ్డుకాలము. అప్పుడు అంచులలోని పాత నారపదార్థము కరుగుచుండును. క్రొత్తది ఇంకను పూర్తిగా ఏర్పడదు. ఆ దినములలో అతుకు విడినచో మలము కడుపులోనికి కారి ప్రాణాపాయము కలుగును. కనుక శస్త్రవైద్యులు చిరకాలము కోరినది ఒక్కటే – అతుకు కారకుండుట. అది మానిన పదేండ్లకు ఏమగునన్న ప్రశ్న తరువాత వచ్చినది.

ఎగువనే ఎందుకు?

శేషాంత్రికమును కోసిన రోగులను క్రమపద్ధతిలో పరీక్షించిన వారిలో బెల్జియము దేశములోని లూవెన్ వైద్యుడు పాల్ రుట్‌గేర్ట్స్ ప్రముఖుడు. ప్రేవులోనికి పంపి చూచు కెమెరా గొట్టముతో ఆయన అతుకులను పరిశీలించెను. 1990లో ప్రకటించిన ఫలితములు వైద్యలోకమును ఆశ్చర్యపరచినవి. కోత జరిగిన ఒక సంవత్సరములోపలనే నూటికి 73 మందిలో అతుకునకు ఎగువన పుండ్లు కనబడెను. కాని వారందరికి బాధ లేదు, నూటికి 20 మందికి మాత్రమే రోగలక్షణము లుండెను. అనగా రోగి హాయిగా తిరుగుచున్నప్పుడే లోపల వ్యాధి మొదలగుచున్నది. పుండ్ల తీవ్రతను బట్టి సున్న నుండి నాలుగు వరకు ఆయన వేసిన మార్కుల పట్టిక నేటికిని వాడుకలో నున్నది. సున్నయైనచో పుండ్లు లేవు. నాలుగైనచో పెద్ద పుండ్లు, గడ్డలు, సందు ఇరుకగుట కనబడును. మార్కులు పెరిగిన కొలది వ్యాధి తిరిగి బాధించు అవకాశము హెచ్చును.

మొదట చాలమంది అనుకొనినది, కోత చాలలేదని. అంచున కంటికి కనిపించని రోగము మిగిలియుండునని తలచి కొందరు ఎంతో మంచి ప్రేవును కూడ కలిపి కోసివేసెడివారు. అమెరికాలోని క్లీవ్‌లండ్ క్లినిక్‌లో ఫజియో, ఆయన సహచరులు దీనిని పరీక్షించిరి. కొందరిలో రోగభాగమునకు అవతల 2 సెంటీమీటర్లు, కొందరిలో 12 సెంటీమీటర్లు ఆరోగ్యమైన ప్రేవును కలిపి కోసిరి. 1996లో ప్రకటించిన ఈ ఫలితములలో, వ్యాధి తిరుగబెట్టుటలో చెప్పుకోదగిన తేడా కనబడలేదు. ఎక్కువ కోసిన లాభము లేదు, నష్టమే. అప్పటి నుండి తక్కువ కోయుటయే నియమమైనది.

మరి కారణమేమి? రుట్‌గేర్ట్స్ బృందము చేసిన మరియొక పరిశీలన దీనికి దారి చూపినది. 1991లో ప్రకటించిన ఈ పరిశీలనలో అయిదుగురు రోగులకు అతుకు వేసి, దానికి ఎగువననే ప్రేవును కడుపుపైకి తెరచి, మలప్రవాహము అతుకును చేరకుండ చేసిరి. ఆరు మాసములు గడచినను అతుకు వద్ద పుండు పుట్టలేదు. ప్రవాహమును మరల అతుకు మీదుగా మళ్ళించిన ఆరు మాసములకు అయిదుగురిలోను వ్యాధి కనబడినది. 1998లో అదే నగర వైద్యులు ముగ్గురు రోగులలో, విశ్రాంతిగా నున్న ఎగువ ప్రేవులోనికి ప్రేవు ద్రవమును పంపగా, ఎనిమిది దినములలోనే సూక్ష్మదర్శినిలో శోథ గుర్తులు కానవచ్చినవి.

దీనినిబట్టి వ్యాధిని రెచ్చగొట్టునది ప్రేవు గుండ ప్రవహించు పదార్థములోనే కలదని తెలియుచున్నది. అందు బాక్టీరియా ముఖ్యము. సహజముగా చిన్నప్రేవు, పెద్దప్రేవు కలియు చోట ఒక కవాటముండి, పెద్దప్రేవులోని దట్టమైన బాక్టీరియా వెనుకకు పోకుండ అడ్డగించును. శేషాంత్రికముతో పాటు ఆ కవాటమును కూడ కోసివేయుదురు. అతుకు ఇరుకైనచో పదార్థము దాని ఎగువన నిలువయుండును. నిలిచిన నీటిలో నాచు పెరిగినట్లు, అక్కడ బాక్టీరియా పెరుగుటకు వీలు కలుగును. ప్రవాహమును శాశ్వతముగా మళ్ళించుట సాధ్యము కాదు. కాని అతుకును వెడల్పుగా చేయుట సాధ్యమే గదా! ఆకారము మీదికి దృష్టి మళ్ళినది ఇందువలననే.

కొనకు కొన, ప్రక్కకు ప్రక్క

అతుకు మూడు విధములు. రెండు గొట్టముల కొనలను ఎదురెదురుగా పెట్టి కుట్టుట కొనకు కొన పద్ధతి. రెండు కొనలను మూసి, గొట్టములను ప్రక్క ప్రక్కన పెట్టి, ప్రక్కలలో కిటికీలు తెరచి కలుపుట ప్రక్కకు ప్రక్క పద్ధతి. ఒకదాని కొనను ఇంకొకదాని ప్రక్కకు కలుపుట మూడవది.

కొనకు కొన కుట్టినచో అతుకు వెడల్పు ప్రేవు చుట్టుకొలతను మించదు. స్టేప్లరుతో ప్రక్కకు ప్రక్క కలిపినచో కిటికీని కోరినంత పొడవు చేయవచ్చును. కనుక రెండవది మేలు చేయునని చాలమంది ఊహించిరి. పాత రోగుల వివరములను త్రిప్పి చూచిన కొన్ని పరిశీలనలు కూడ ఆ మాటనే చెప్పినవి. కాని కెనడా వైద్యురాలు రాబిన్ మెక్‌లియాడ్, ఆమె సహచరులు పలు ఆసుపత్రులలో రోగులను చీటీలు వేసినట్లు రెండు వర్గములుగా పంచి, ఈ రెండు పద్ధతులను పోల్చి 2009లో ఫలితములను ప్రకటించిరి. పుండ్లు తిరిగి వచ్చినవారు చేతితో కొనకు కొన కుట్టినవారిలో నూటికి 42.5, స్టేప్లరుతో ప్రక్కకు ప్రక్క కలిపినవారిలో నూటికి 37.9. ఇంత చిన్న తేడా కేవలము యాదృచ్ఛికముగా కూడ రావచ్చును. వెడల్పు ఒక్కటే చాలదని ఇందువలన తేలినది.

చండీగఢ్ నుండి ఆక్స్‌ఫర్డునకు

ఇంతలో అసలు కోయకనే ఇరుకును విప్పు ఉపాయము వేరొక దారిన వచ్చినది. దానికి భారతదేశముతో సంబంధము కలదు. మన దేశమున ప్రేవుల క్షయ చిరపరిచితము. అది కూడ శేషాంత్రికమునే ఎక్కువగా పట్టి, ప్రేవును పలుచోట్ల ఇరుకు చేయును. క్షయయా, క్రోన్ వ్యాధియా అని పోల్చుకొనుట నేటికిని మన వైద్యులకు కష్టమైన పనియే. ఇరుకైన ప్రతిచోటును కోసివేసినచో రోగికి ప్రేవు మిగులదు. చండీగఢ్ వైద్యవిద్యా పరిశోధన సంస్థకు చెందిన కటారియా, ఆయన సహచరులు ఇరుకును కోసివేయక విప్పి వెడల్పు చేసి, ఆ అనుభవమును 1977లో ప్రకటించిరి. ఆ బాటలోనే ఆక్స్‌ఫర్డు వైద్యుడు ఎమ్మాన్యుయల్ లీ ఈ ఉపాయమును క్రోన్ వ్యాధిలో ప్రయోగించి 1982లో ఫలితములను తెలిపెను.

ఉపాయము తేలికయైనది. విద్యార్థులు పాత చొక్కాచేతితో దీనిని తరగతిలోనే చేసి చూడవచ్చును. చొక్కాచేతి చుట్టుకొలత 20 సెంటీమీటర్లు అనుకొనుడు. దాని మీద పొడవు వైపుగా 6 సెంటీమీటర్ల చీలిక కోయుడు. చీలిక రెండు అంచుల నడిమి బిందువులను పట్టి అడ్డముగా ఇరుప్రక్కలకు లాగినచో, చీలిక పై కొన, క్రింది కొన దగ్గరకు వచ్చును. ఇపుడు అడ్డముగా కుట్టుడు. కుట్టు పొడవు 6 సెంటీమీటర్లు. ఆచోట చొక్కాచేతి చుట్టుకొలత 20కి 6 కలిసి 26 సెంటీమీటర్లగును. పొడవు మాత్రము కొంత తగ్గును. నిలువు కోత, అడ్డ కుట్టు – గొట్టము వెడల్పగును. పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగమున జర్మను వైద్యులు హైనికె, మికులిచ్ అన్నాశయపు ఇరుకైన ద్వారమును విప్పుటకు వాడినది ఈ రేఖాగణితమునే. వ్యాసము ఒక సెంటీమీటరుగా కుదించుకొనిన ప్రేవునకు చుట్టుకొలత సుమారు 3.1 సెంటీమీటర్లు. 4 సెంటీమీటర్ల నిలువు కోతను అడ్డముగా కుట్టినచో, లెక్క ప్రకారము అది 7.1 సెంటీమీటర్లగును, వ్యాసము రెండు సెంటీమీటర్లు దాటును.

ఇందు రోగభాగమును తీసివేయుట లేదు గదా, వ్యాధి అక్కడనే మరల మండదా అని చాలమంది భయపడిరి. జరిగినది వేరు. అనేక పరిశీలనలను కలిపి లెక్కించి 2007లో ప్రకటించిన ఒక సమీక్షలో, విప్పిన చోటనే వ్యాధి తిరిగి వచ్చుట నూటికి మూడు మాత్రమేయని తేలెను. వచ్చినప్పుడు ఎక్కువగా వేరొకచోట వచ్చినది. కోసి అతికిన చోట వ్యాధి మరల పుట్టుచుండగా, కోయక విప్పిన చోట అది శాంతించుచున్నది. ఈ విరుద్ధము ఆలోచింపదగినది. విప్పుకోతను మిసెంటరీకి ఎదుటి ప్రక్కన వేయుదురు. రక్తనాళములను, నరములను తెంపరు.

కోనో అతుకు

ఈ సంగతులన్నిటిని ఒక అతుకులో కూర్చిన వాడు జపానుకు చెందిన తోరు కోనో. హొక్కైదో ద్వీపములోని అసాహికావా వైద్య విశ్వవిద్యాలయములో 2003లో ఆయన ఈ అతుకును మొదట వేసెను. దీనిని కోనో-ఎస్ అతుకు అందురు.

ఇందు మూడు మెలకువలు కలవు. మొదటిది: మిసెంటరీని ప్రేవు అంచును ఆనుకొనియే విడదీయుదురు, అందువలన మిగులు ప్రేవునకు పోవు రక్తనాళములు, నరములు వీలైనంతవరకు నిలుచును. రెండవది: రెండు కొనలను స్టేప్లరుతో మూసి, ఆ మూసిన కొనలను వీపులు ఆనించినట్లు ఒకదానికొకటి కుట్టుదురు. ఇది ఒక గోడ వలె నిలిచి, అతుకు వంగి ఇరుకు కాకుండ కాపాడును. మిసెంటరీ ప్రక్కను అతుకు ద్వారమునకు దూరముగా నుంచును. మూడవది: మిసెంటరీకి ఎదుటి ప్రక్కన రెండు ప్రేవులపై సుమారు 7 సెంటీమీటర్ల నిలువు కోతలు కోసి, వాటిని అడ్డముగా కలిపి చేతితో కుట్టుదురు. చొక్కాచేతి రేఖాగణితమే మరల ఇక్కడ కనబడుచున్నది.

లెక్క వేసి చూడవచ్చును. ప్రేవు వ్యాసము 3 సెంటీమీటర్లయినచో చుట్టుకొలత సుమారు 9.4 సెంటీమీటర్లు, ద్వార వైశాల్యము సుమారు 7 చదరపు సెంటీమీటర్లు. కొనకు కొన అతుకునకు ఇంతకన్న వైశాల్యముండదు. 7 సెంటీమీటర్ల నిలువు కోతకు రెండు అంచులు గనుక, ద్వారపు చుట్టుకొలత 14 సెంటీమీటర్లు. అది గుండ్రముగా తెరచుకొనినచో వైశాల్యము 15 చదరపు సెంటీమీటర్లు దాటును. అనగా రెట్టింపు కన్న ఎక్కువ.

2011లో కోనో, ఆయన సహచరులు 69 మందికి వేసిన ఈ అతుకును, అంతకు పూర్వము 73 మందికి వేసిన మామూలు అతుకులతో పోల్చి చూపిరి. అయిదేండ్లలో అతుకు వద్ద మరల కోత కావలసి వచ్చినవారు మామూలు అతుకు వర్గములో నూటికి 15, కోనో వర్గములో ఒక్కరును లేరు. ఫలితము ఆశ్చర్యకరమే. కాని విజ్ఞానశాస్త్ర విద్యార్థి ఇక్కడ ఒక్క క్షణము ఆగవలెను. మొదటి వర్గము వారు పాతకాలపు రోగులు, రెండవ వర్గము వారు తరువాతి కాలపు రోగులు. ఆ నడుమ మందులు కూడ మారినవి. మేలు అతుకు వలన వచ్చినదా, మందు వలన వచ్చినదా?

ఈ సందేహము తీరుటకు చీటీల పద్ధతియే శరణ్యము. ఇటలీలోని నేపుల్సు నగరమున లూలియో, ఆయన సహచరులు 79 మందిని అట్లు పంచి, 2020లో ఫలితములను ప్రకటించిరి. ఆరు మాసములకు పుండ్లు తిరిగి వచ్చినవారు కోనో వర్గములో నూటికి 22, ప్రక్కకు ప్రక్క కలిపిన వర్గములో నూటికి 63. ఈ తేడా పెద్దదియే. ఐనను 79 మంది చిన్న సంఖ్య. అందరును ఒకేచోట చికిత్స పొందినవారు. పలుచోట్ల, పలువురి చేతులలో ఇదే ఫలితము వచ్చినప్పుడే ఇది స్థిరమైన సత్యమగును.

మిసెంటరీ – దోషియా, సాక్షియా?

కోనో మిసెంటరీని చాలవరకు ఉంచి అతుకును దానికి దూరము చేసెను. మరికొందరు దానినే కోసివేయవలెననిరి. ఐర్లండులోని లిమరిక్ వైద్యుడు కాల్విన్ కాఫీ, ఆయన సహచరులు మిసెంటరీని కూడ ప్రేవుతోపాటు తీసివేసి, 2018లో ఫలితములను తెలిపిరి. పూర్వ పద్ధతిలో నూటికి 40 మందికి మరల కోత కావలసి రాగా, క్రొత్త పద్ధతిలో నూటికి 3 మందికి మాత్రమే అవసరమయ్యెను. ఈ అంకెలను చూచినవారికి దోషి దొరికెననియే తోచినది.

కాని ఇక్కడ కూడ పాత రోగులతో క్రొత్త రోగులను పోల్చిరి. నెదర్లండ్సు వైద్యుల ఆధ్వర్యమున రోగులను చీటీల పద్ధతిపై పంచి, ఒక వర్గములో మిసెంటరీని విస్తారముగా కోసి, రెండవ వర్గములో ఉంచి, 2024లో ఫలితములను ప్రకటించిరి. ఆరు మాసములకు పుండ్లు వచ్చినవారు మొదటి వర్గములో నూటికి 42, రెండవ వర్గములో 43. తేడా లేదు. మిసెంటరీ వ్యాధికి మూలమా, లేక ప్రేవు మంటను చూచి వాచిన ప్రక్క ఇంటి సాక్షి మాత్రమేనా అన్నది ఇంకను విచారణలోనే యున్నది. రెండు దినుసుల అంకెలను ప్రక్క ప్రక్కన పెట్టి చూచినచో, వైద్యములో చీటీల పద్ధతికి ఎందుకింత గౌరవమో ఉపాధ్యాయులు పిల్లలకు సులభముగా చెప్పవచ్చును.

సూదిదారము ఒక్కటే చాలదు

అతుకు ఎంత నేర్పుగా వేసినను, దానిని కాపాడుకొనుట కోత తరువాత చేయవలసిన పని. అందు మొదటిది పొగ మానుట. పొగ త్రాగువారిలో వ్యాధి తిరుగబెట్టు ప్రమాదము సుమారు రెట్టింపు. ఏ మందునకు, ఏ అతుకునకు ఖర్చు లేక రోగి తన చేతులతో చేసికొనగల చికిత్స ఇది.

రెండవది మందు. శోథను రేపు టి.ఎన్.ఎఫ్. అను ప్రోటీనును బంధించు ఇన్‌ఫ్లిక్సిమాబ్ అను మందును కోత తరువాత వాడి, 2016లో ప్రకటించిన పెద్ద పరిశీలనలో, పుండ్లు తిరిగి వచ్చినవారు మందు పొందిన వర్గములో నూటికి సుమారు 31, పొందని వర్గములో 60. కాని ఇవి ఖరీదైన మందులు. శరీరపు రోగనిరోధక శక్తిని తగ్గించును. క్షయ ఎక్కువగా నున్న మన దేశములో వీటిని మొదలుపెట్టుటకు ముందు, లోపల దాగిన క్షయ కలదేమో తప్పక పరీక్షింతురు.

మూడవది కాపలా. బాధ పుట్టక ముందే పుండ్లు పుట్టునని రుట్‌గేర్ట్స్ చూపెను గదా. ఆస్ట్రేలియా, న్యూజిలండు వైద్యులు 2015లో ప్రకటించిన పరిశీలనలో, కొందరికి ఆరు మాసములకే కెమెరా గొట్టముతో పరీక్షించి, పుండ్లు కనబడినచో మందు హెచ్చించిరి. 18 మాసములకు వ్యాధి తిరుగబెట్టినవారు అట్లు పరీక్షించిన వర్గములో నూటికి 49, పరీక్షింపని వర్గములో 67. నేడు ఆరు మాసములకు, లేదా సంవత్సరము లోపల అతుకును చూచుట మంచి వైద్యమునకు నియమముగా నున్నది. నాకు బాగుగనే యున్నది గదా యని రోగి ఈ పరీక్షను మానుకొనరాదు. శేషాంత్రికము ఎక్కువ పొడవు పోయినవారిలో బి-12 విటమిన్ ఒంటబట్టదు. దానిని సూదిమందుగా ఇచ్చుచుండవలెను.

కథ సారాంశమిది. తొలుత శస్త్రవైద్యులు ఎక్కువ కోసినచో వ్యాధి పోవుననుకొనిరి, పోలేదు. అతుకు వెడల్పు చేసిన చాలుననుకొనిరి, చాలలేదు. నరములను, రక్తనాళములను కాపాడుచు, మిసెంటరీకి ఎదుటి ప్రక్కన వెడల్పైన అతుకు వేయుట ఇప్పుడు ఆశ కలిగించుచున్నది. దానిని ఇంకను పెద్ద సంఖ్యలో పరీక్షింపవలసియున్నది. గొట్టములు బిగించు పనివానికిని శస్త్రవైద్యునికిని భేదము ఇక్కడనే కలదు. పనివాడు అతికిన ఇనుము మరునాడును ఇనుమే. శస్త్రవైద్యుడు అతికినది జీవము గలది. దానిలో రక్తము పారును, దాని గుండ కోట్లకొలది సూక్ష్మజీవులు పోవుచుండును, అది ప్రతి దినము వాటికి బదులు చెప్పుచుండును. ఇరువది యేండ్ల యువకునికి కోత ఒక్కసారితో ముగియునా, మూడుసార్లు పడునా అన్నది ఆ బదులు మీదనే ఆధారపడియున్నది.